నోటుపుస్తకం నిండింది, కలం కదలడం లేదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బడి నుంచి ఇంజనీరింగు దాకా ఇంగ్లీషు మీడియంలోనే చదివాను. ప్రస్తుతం పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. తెలుగులో కథలు రాయాలని కోరిక ఉంది గానీ, కూర్చుంటే అవే పది మాటలు తిరిగి తిరిగి వస్తున్నాయి. పదసంపద పెరగాలంటే పాత నవల ఒకటి పట్టుదలగా చదవమని ఒకరు చెప్పారు. మా అమ్మమ్మది ధవళేశ్వరం కాబట్టి కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము మొదలుపెట్టాను. రెండు నెలల్లో 52 పేజీలు చదివి, తెలియని ప్రతి మాటనూ ఇంగ్లీషు అర్థంతో సహా నోటుపుస్తకంలోకి ఎక్కించాను. 640 మాటలయ్యాయి. రాసేటప్పుడు వాటిలో ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. ఈ మధ్య బంధువుల వాట్సాప్ గ్రూపులో ‘అమ్మమ్మ మిక్కిలి వ్యాకులత నొందుచున్నది’ అని రాస్తే అందరూ నవ్వారు. ఈ పుస్తకం కొనసాగించాలా, మానేసి తేలికైనది పట్టుకోవాలా? రోజుకు ఎన్ని మాటలు నేర్చుకుంటే మంచిది?

సమాధానం: పుస్తకం మానవద్దు. మానవలసింది ఆ పట్టిక రాసే పద్ధతిని.

మీరు లేఖతో జతచేసిన పుటల్లో మొదటి 40 మాటలను ఒక్కొక్కటిగా చూశాను. వాటిలో 17 మాటలు మీకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవే. ‘జూచి’, ‘బోవుచు’, ‘దలంచి’, ‘బెండ్లి’, ‘యింటికి’ అని మీరు రాసుకున్నవి చూచి, పోవుచు, తలంచి, పెండ్లి, ఇంటికి అన్న మాటలే. గ్రాంథిక భాషలో ‘ను’తో ముగిసే కొన్ని రూపాలను ద్రుతాంతాలంటారు, వాటి తర్వాత వచ్చే క, చ, ట, త, ప అక్షరాలు గ, జ, డ, ద, బలుగా మారతాయి. ‘తోచెను చుక్కలు’ అనేది ‘తోచెఁ జుక్కలు’ అవుతుందని చిన్నయసూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చూపిన ఉదాహరణను మీ అమ్మమ్మగారి తరం వారు బడిలో వల్లించి ఉంటారు. అందుకే ‘వానిఁ జూచి’ అని పుస్తకంలో కనిపిస్తే నిఘంటువులో ‘జూ’ దగ్గర వెతికి ప్రయోజనం లేదు. ‘చూ’ దగ్గరికి వెళ్లాలి. ఇంకొక మార్పు ‘వాఁడు వోయె’ వంటి చోట్ల కనిపిస్తుంది. అక్కడ ప అక్షరం వ అయింది. ‘మా యింటికి’లో మధ్యన వచ్చిన య కేవలం రెండు అచ్చులను కలిపే వంతెన. ఈ మూడింటినీ ఒక్క ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆకళింపు చేసుకుంటే, మీ పట్టిక సగానికి దగ్గరగా కరిగిపోతుంది. పాత నవల కఠినమని భయపడేవారిలో ఎక్కువమందిని బెదరగొట్టేది మాటలు కాదు, మాటలు తొడుక్కున్న సంధులు.

ఆ 40లో మరొక 9 మాటలు వస్తువులకూ కొలతలకూ సంబంధించినవి. గడియారం ఇంటింటికీ రాని కాలంలో పొద్దును గడియలతోనూ జాములతోనూ చెప్పేవారు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు, కాబట్టి ఏడున్నర గడియలు ఒక జాము. దూరానికి కోసు, ఆమడ ఉండేవి. ఇవి తెలిస్తే కథ కళ్లకు కడుతుంది, అంతే. ఇవాళ్టి పుణె మీద రాసే కథలో ‘రెండు గడియల ప్రొద్దెక్కిన పిమ్మట క్యాబ్ వచ్చెను’ అని మీరు రాయబోరు గదా. అటువంటి మాటలను గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు, వాడడం నేర్చుకోనక్కరలేదు. ఇది తక్కువ చదువేమీ కాదు. ఎవరి పదసంపదలోనైనా గుర్తుపట్టే మాటలు వాడే మాటలకంటె ఎప్పుడూ కొన్ని రెట్లు ఎక్కువగానే ఉంటాయి.

ఇక మిగిలినవి 14. మీరు రెండు నెలలు వలవేసి పట్టిన అసలు చేపలు అవి. వ్యాకులత, ముఖస్తుతి, ఉపేక్ష, ఏమరుపాటు, కాలయాపన, నిట్టూర్పు వంటివి అందులో ఉన్నాయి. ఇవి ఈనాటికీ బతికి ఉన్న మాటలు, మీ కథలకు పనికివచ్చే మాటలు. అయినా గుర్తుకు రాకపోవడానికి కారణం మీ జ్ఞాపకశక్తి కాదు. ఒక మాట పక్కన గీత గీసి, ఆ గీతకు అవతల ఒక ఇంగ్లీషు మాట రాసినప్పుడు మీరు నేర్చుకుంటున్నది తెలుగులోంచి ఇంగ్లీషులోకి దాటే దారిని. కథ రాసేటప్పుడు మీకు కావలసింది తెలుగులో ఒక మాట నుంచి ఇంకొక మాటకు పోయే దారి.

ఉదాహరణకు మీ పట్టికలో ‘కాలయాపన’ ఉంది, రెండు పుటల తర్వాత ‘కాలక్షేపం’ కూడా ఉంది. రెండింటి ఎదుటా మీరు రాసిన ఇంగ్లీషు అర్థం దాదాపు ఒకటే, పొద్దుపుచ్చడం అని. తెలుగువాళ్లు ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడరు. దస్త్రాన్ని కదల్చని గుమాస్తాది కాలయాపన. అందులో నింద ఉంది, కావాలని జాప్యం చేయడం ఉంది. గుడిలో హరికథ వింటూ సాయంకాలం గడపడం కాలక్షేపం. అందులో హాయి ఉంది, పుణ్యం కూడా ఉందేమో. ‘ఏదో కాలక్షేపానికి వచ్చాను’ అని చుట్టాలింటికి వెళ్లి చెప్పగలం, ‘కాలయాపనకు వచ్చాను’ అంటే వెళ్లగొడతారు. ఈ తేడా వాక్యంలో తప్ప పట్టికలో తెలియదు. అందుచేత ఇక నుంచి మాటను కాక, మాట ఉన్న వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసుకోండి. దాని కింద అదే మాటతో మీ ఇంటి సంగతో ఆఫీసు సంగతో చెప్పే వాక్యం ఒకటి సొంతంగా రాయండి. ఇంగ్లీషు అర్థం రాయక తప్పదనుకుంటే పెన్సిలుతో రాసి, పది రోజుల తర్వాత చెరిపేయండి.

మాటకు ఏ క్రియ తోడు వస్తుందో కూడా కనిపెట్టి ఉంచుకోవాలి. తెలుగు నేర్చుకునేవారు చేసే పొరపాట్లలో సగం నామవాచకంలో ఉండవు, దాని వెంట వచ్చే క్రియలో ఉంటాయి. నిట్టూర్పు విడుస్తాం, చేయం. బెంగ పెట్టుకుంటాం, బెంగపడతాం. ఆకలి, దాహం, అప్పు, సరదా, పగ, ఇవన్నీ తీరేవే. ఇంత వేరువేరు సంగతులను ఒక్క క్రియ ఎలా మోస్తోందో చూస్తే ‘తీరు’ అన్న ధాతువు మీద గౌరవం కలుగుతుంది. తీరిక, తీర్పు కూడా ఆ ఇంటివే.

మీరు ఎంచుకున్న నవల ఈ పనికి ఎంత అనువైనదో మీకు ఇంకా తెలిసినట్లు లేదు. వీరేశలింగం గారు దీనిని 1878లో తమ వివేకవర్ధని పత్రికలో ప్రకటించసాగి, 1880లో పుస్తకంగా తెచ్చారు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ప్రేరణ అయినా, కథను పూర్తిగా గోదావరి గట్టుకు తెచ్చి కట్టారు. తొలి తెలుగు నవల ఇదా, 1872 నాటి శ్రీరంగరాజ చరిత్రమా అన్న తగవు మనకిక్కడ అక్కరలేదు. మనకు పనికివచ్చేదేమిటంటే, ఇది ఒక సంపన్న గృహస్థు చితికిపోయి మళ్లీ నిలదొక్కుకునే కథ. దారిలో మనుషుల బలహీనతలన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక్కొక్క బలహీనతకు తెలుగులో ఒక్కొక్క మాటల కుటుంబం ఉంది.

మీరు ఇప్పటికే చదివిన భాగంలో రాజశేఖరుడి చుట్టూ చేరి పొగిడేవారు ఉన్నారు. ఆ ఘట్టం దగ్గర పుస్తకం మూసి, పొగడడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఒక కాగితం మీద రాయండి. పొగడ్త, ప్రశంస, స్తుతి, స్తోత్రం, కైవారం, ముఖస్తుతి, ఇచ్చకాలు, భట్రాజు పొగడ్తలు. ఇప్పుడు ఏది ఎక్కడ కూర్చుంటుందో చూడండి. సహోద్యోగి పనిని మెచ్చుకుంటే ప్రశంస, దేవుడి ముందు నిలబడి చేస్తే స్తోత్రం, ఎదుట నిలబడి ఆశతో చేస్తే ముఖస్తుతి, అదే పని కొంచెం లేకిగా చేస్తే ఇచ్చకాలు. బంగారం చేస్తానని నమ్మించి సొత్తుతో ఉడాయించే బైరాగి ఘట్టం దగ్గర మోసానికి సంబంధించినవి ఇలాగే పోగుచేయండి: వంచన, దగా, కపటం, టోకరా, కుచ్చుటోపీ, బురిడీ. వీటి క్రియలు మళ్లీ వేరువేరు. వంచిస్తారు, దగా చేస్తారు, టోకరా వేస్తారు, కుచ్చుటోపీ పెడతారు, బురిడీ కొట్టిస్తారు. గ్రంథంలో ‘వంచన’ ఒక్కటే ఉండవచ్చు. తక్కినవి మీ అమ్మమ్మగారి నోట, పాత సినిమాల్లో, జిల్లా ఎడిషన్ వార్తల్లో దొరుకుతాయి. రాజశేఖరుడు ఆస్తి పోగొట్టుకున్న తర్వాతి ప్రకరణాలకు వచ్చేసరికి లేమి, పేదరికం, దారిద్ర్యం, ఇబ్బంది, గతిలేనితనం అన్నవాటి మధ్య మెట్లు మీకే తోస్తాయి. నవల మీకు ఇస్తున్నది మాటల జాబితా కాదు, ఒక మాట అవసరమయ్యే సందర్భం. ఆ సందర్భమే రేపు మీ కథలో ఎదురైనప్పుడు మాట దానంతట అదే లేచి వస్తుంది.

అచ్చతెనుగు మాటలను వాటి పుట్టుకనుబట్టి గుంపు కట్టడం మరొక ఉపాయం. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటె ఇష్టమైనది కూడా. ఏమరుపాటు అన్న మాట చివర ఉన్న ‘పాటు’ పడు అన్న క్రియ నుంచి వచ్చింది. తడబడితే తడబాటు, కట్టుబడితే కట్టుబాటు, సర్దుబడితే సర్దుబాటు. తొట్రుపాటు, గగుర్పాటు, నగుబాటు, వెసులుబాటు, ఏర్పాటు, పొరపాటు. ఒక్క తాళంచెవితో పది గదులు తెరుచుకున్నాయి. కలిమి, లేమి, బలిమి, చెలిమి, కూరిమి, ఓరిమి అన్నవి ఇంకొక వరుస. సంస్కృత పదాలకు ఇదే పని ఉపసర్గలు చేస్తాయి. అవి 22. ఒకే హృ ధాతువు ముందు ఉపసర్గ మారగానే ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం అని ఒకదానితో ఒకటి పొంతన లేని అర్థాలు ఎలా పుడతాయో వ్యాకరణం చదువుకున్నవారు ఒక శ్లోకంగా చెప్పుకుంటారు. ఉప, సం అని రెండు ఉపసర్గలు చేరి ఉపసంహారం కూడా అక్కడినుంచే వస్తుంది. మీ ఇంజనీరింగు బుద్ధికి ఇది నచ్చుతుందని నా ఊహ.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. 1878లో ఉన్న మాట ఇవాళ ఉన్నంతమాత్రాన అర్థం కూడా అదే అనుకోకూడదు. ఉద్యోగం అంటే మనకు నెలజీతం. మహాభారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరూ కొలువులో చేరలేదు, అక్కడ ఉద్యోగమంటే ప్రయత్నం, సన్నాహం. ప్రాచీన కావ్యాల్లో కంపు అంటే పరిమళం కూడా అవుతుంది. ఇవాళ ఎవరింటికైనా వెళ్లి ‘మీ పూలతోట కంపు కొడుతోంది’ అంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చీర అంటే ఒకప్పుడు ఎవరు కట్టుకున్నా వస్త్రమే. అందువల్ల తెలిసిన మాట వాక్యంలో ఒదగనట్లు తోస్తే, తెలియని మాటకంటె ముందు దానినే నిఘంటువులో చూడండి.

నిఘంటువుల సంగతి కొద్దిగా. తెలుగు నుంచి తెలుగుకు అర్థం చెప్పే బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము, 1885 నాటిది, మీ నవలకు ఈడు. పిఠాపురం మహారాజా వారి పోషణలో వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంకా విస్తృతమైనది, కవి ప్రయోగాలను ఎత్తి చూపుతుంది. బ్రౌను నిఘంటువు అర్థాన్ని ఇంగ్లీషులో చెప్పినా, జనం నోట వినబడే మాటలనూ పలుకుబళ్లనూ పట్టుకోవడంలో అతనికి సాటి రావడం కష్టం. ఈ మూడింటినీ ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఒకేచోట వెతకవచ్చు, కాబట్టి అలమర నింపుకోవలసిన పని లేదు. అయితే ఫోను పక్కన పెట్టుకుని ప్రతి వాక్యానికీ ఆగితే కథ చస్తుంది. ఒక ప్రకరణాన్ని మొదట ఏ సహాయమూ లేకుండా, అర్థమైనంత మేరకు, వీలైతే పైకి చదవండి. పాత వచనం చెవికి రాసింది; కంటికి ముడిపడినట్లున్న పొడుగు వాక్యం నోటితో చదివేసరికి ఎక్కడ విరగాలో అక్కడ విరుగుతుంది. రెండో రోజు అదే ప్రకరణాన్ని నిఘంటువుతో చదవండి. మొదటి రోజు తెలియలేదనుకున్నవాటిలో చాలావాటికి అర్థం ఈపాటికి సందర్భమే చెప్పేసి ఉంటుంది.

మూడో రోజు పని కొంచెం కష్టం, కానీ ఫలితమంతా అందులోనే ఉంది. ఆ ప్రకరణంలో ఒక్క పేరాను ఇవాళ్టి తెలుగులోకి తిరగరాయండి. ‘చేయుచుండెను’ ‘చేస్తూ ఉండేవాడు’ అవుతుంది, ‘ఏలయన’ ‘ఎందుకంటే’ అవుతుంది, ‘ఐనను’ ‘అయినా’ అవుతుంది. నామవాచకాల జోలికి మాత్రం తప్పనిసరి అయితే తప్ప వెళ్లకండి. మొదటి ప్రకరణంలో గోదావరినీ ధవళేశ్వరాన్నీ వర్ణించే పేరాలతో మొదలుపెట్టవచ్చు, ఊరు మీకు తెలిసినదే కాబట్టి. ఇలా రాస్తున్నప్పుడు ఏ మాట కొత్త వాక్యంలో హాయిగా కుదురుకుంటోందో, ఏది పాత చొక్కాలా బిగుసుకుంటోందో మీ చెవికే తెలుస్తుంది. ఏది వాడవచ్చు, ఏది వాడకూడదు అని నన్ను అడగవలసిన అవసరం ఆ తర్వాత ఉండదు.

వాట్సాప్ నవ్వుల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. మీరు రాసిన వాక్యంలో ‘వ్యాకులత’ తప్పు కాదు, నవ్వించింది ‘మిక్కిలి’, ‘నొందుచున్నది’. ‘అమ్మమ్మ వ్యాకులపడుతోంది’ అని ఉంటే ఎవరూ నవ్వేవారు కారు. అయితే నిజం చెప్పాలంటే, అమ్మమ్మ గురించి ఇంట్లోవాళ్లకు రాసేటప్పుడు అక్కడ ఉండవలసిన మాట ‘బెంగ’. వ్యాకులతకు చదువుకున్నవారి దూరం ఉంది. బెంగకు ఎవరిమీదో ప్రేమ ఉంటే గానీ అర్థం లేదు. పదసంపద అంటే పెద్ద మాటలు పోగేయడమన్న భ్రమ నాకూ ఇరవయ్యో ఏట ఉండేది. శబ్దరత్నాకరాన్ని తిరగేసి ఏరుకున్న మాటలతో ఒక వ్యాసం రాసి పంపితే, ఒక సంపాదకులు ప్రతి పెద్ద మాట కిందా ఎర్ర సిరాతో గీత గీసి, చివర ‘దీనిని తెలుగులోకి అనువదించి పంపగలరు’ అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఈ తేడా వీరేశలింగం గారికి బాగా తెలుసు. నవలను గ్రాంథికంలో నడిపిన ఆయనే ప్రహసనాల్లో పాత్రల చేత వాడుక భాష మాట్లాడించారు. నవలతోపాటు ఆయన ప్రహసనం ఒకటి పక్కన పెట్టుకుని చదివితే, ఒకే కలం ఒకే కాలంలో ఒకే సమాజం గురించి రెండు భాషల్లో రాయడం కనిపిస్తుంది. ఇంకో పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. రాజశేఖర చరిత్రము గోదావరి జిల్లా బ్రాహ్మణ గృహస్థుల ప్రపంచం. పొలం, కూలి, మగ్గం, అడవి, దొరల గడీ గురించిన మాటలు అందులో వెతికితే దొరకవు. దీని తర్వాత ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లిని, తెలంగాణ పలుకు కోసం దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లను చదవాలి. తేలికగా ఉంటాయని కాదు, మీకు ఇంకా తెలియని తెలుగు అక్కడ ఉంది కాబట్టి.

రోజుకు ఎన్ని అని అడిగారు. ఐదు చాలు, అవి కూడా ప్రకరణంలో మిమ్మల్ని ఆపిన ఐదు, నిఘంటువులో ఎక్కువ అక్షరాలున్న ఐదు కాదు. ఐదు వాక్యాలు ఎత్తిరాసి, ఐదు సొంతంగా రాయడానికి అరగంట పడుతుంది. వారానికి ఒకసారి, పాత పుటలు చూడకుండా, ఆ వారం మాటలలో గుర్తున్నవాటితో అమ్మమ్మగారికి ఫోనులో కథ ఎంతవరకు వచ్చిందో చెప్పండి. ఆవిడ మధ్యలో ఆపి ‘దాన్ని మేము అలా అనమే’ అంటే వాదించకుండా రాసుకోండి. ధవళేశ్వరం మాట ధవళేశ్వరం వారి నోట వినడానికి మీకున్న వీలు పరిశోధకులకు కూడా దొరకదు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు అరసున్నలు, బండి ఱలు తీసివేసి అచ్చువేసిన ఇటీవలి ప్రతి దొరికితే మొదటిసారి చదవడానికి అదే మేలు. మీ 640 మాటల నోటుపుస్తకాన్ని పారేయకండి. ముందు గ, జ, డ, ద, బ, వ, య అక్షరాలతో మొదలైన మాటలన్నిటినీ అందులో వెతికి, ఒక్కొక్కదాని పక్కన దాని అసలు రూపం రాసి, తెలిసిన మాటైతే ఎర్ర సిరాతో కొట్టేయండి. ఆ తర్వాత మిగిలిన లెక్క ఎంతో నాకు రాయండి.